కంప్యూటర్ శ్రవణ అమరికలు, శబ్దనాణ్యత: శ్రవ్య ఆధారాలతో సాగే తెలుగు పరిశోధన దృష్ట్యా ఒక విమర్శ

వ్యాససంగ్రహం:

పద్యనాటక రికార్డులు, అవధాన సభల దృశ్యాలు, మౌఖిక కథనాలు, మాండలిక సంభాషణలు నేటి తెలుగు పరిశోధనలో ముఖ్యమైన ఆధారాలుగా నిలుస్తున్నాయి. పరిశోధకులు వీటిని ఎక్కువగా కంప్యూటర్‌లోనే వింటున్నారు. కంప్యూటర్‌లోని ధ్వని అమరికలు, అనగా సెట్టింగులు, మనం వినేదాన్ని నిజంగా మారుస్తాయా? మారిస్తే ఏవి, ఎంత మేరకు? ఈ ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. నాణ్యతను పెంచేవిగా పేరుపొందిన అమరికలు చాలావరకు చెవికి అందే తేడాను తీసుకురావు. ఎవరూ పట్టించుకోని మరికొన్ని అమరికలు మాత్రం వర్ణభేదాన్ని, ఊనికను, శ్రుతిని, వేగాన్ని మార్చగలవు. కాబట్టి ఏ విధంగా విన్నారో చెప్పని శ్రవ్యవిమర్శ ప్రమాణపరంగా అసంపూర్ణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: శ్రవ్య ఆధారం, శబ్దనాణ్యత, శాంప్లింగ్ రేటు, బిట్ డెప్త్, దంత్య చకారం, పద్యపఠనం, అంధపరీక్ష, పరిశోధన పద్ధతి.

1. ప్రవేశిక:

లిఖిత ప్రతిని ఆధారంగా తీసుకున్నప్పుడు పరిశోధకుడు పాటించవలసిన మర్యాదలు మనకు స్థిరపడి ఉన్నాయి. ఏ ప్రతిని చూశాడో, ఎవరి పరిష్కరణను అనుసరించాడో, పాఠభేదాలు ఎక్కడున్నాయో చెప్పాలి. చెప్పకపోతే పరీక్షకుడు అడుగుతాడు. శ్రవ్య ఆధారం విషయంలో అటువంటి మర్యాద ఇంకా ఏర్పడలేదు. “ఫలానా నటుని పద్యపఠనాన్ని విన్నాను” అన్న వాక్యంతోనే తృప్తి పడుతున్నాం. దేనితో విన్నాడు, ఏ అమరికలతో విన్నాడు అన్న ప్రశ్న తలెత్తడం లేదు.

ఈ వ్యాసకర్తకు ఈ ప్రశ్న స్వానుభవం వల్లనే ఎదురైంది. కొన్నేళ్ళ క్రితం ఒక వృద్ధురాలి మౌఖిక కథనాన్ని లిప్యంతరీకరిస్తున్నప్పుడు ఆమె ఉచ్చారణలో దంత్య చకారం, దంత్య జకారం నిలకడగా లేవని నమోదు చేసుకున్నాను. “చుక్క”, “చలి”, “జొన్న” వంటి మాటల్లోని తొలి హల్లును కొన్నిచోట్ల దంత్యంగా, కొన్నిచోట్ల తాలవ్యంగా గుర్తించాను. ఆ ప్రాంతపు వాడుకలో దంత్యాలు క్షీణిస్తున్నాయని ఒక పేరా కూడా రాశాను. కొన్ని వారాల తర్వాత అదే రికార్డును తీగ ఉన్న ఇయర్‌ఫోన్లతో విన్నప్పుడు దాదాపు ప్రతిచోటా స్పష్టమైన ౘ, ౙ లే వినిపించాయి. మొదటిసారి విన్నది బ్లూటూత్ హెడ్‌ఫోన్లతో. అప్పుడు ఆన్‌లైన్ సమావేశానికి వాడే యాప్ ఒకటి వెనుక తెరచి ఉంది. అది మైకును పట్టుకొని ఉండడంతో హెడ్‌ఫోన్లు ఫోన్ సంభాషణ పద్ధతిలోకి మారిపోయాయి. రికార్డులో దోషం లేదు, వక్తలో లేదు, విన్న పద్ధతిలో ఉంది. ఆ పేరాను తొలగించాను. అది అచ్చయి ఉంటే మరొకరు దానిని ఉదాహరించి ఉండేవారు.

దీనికి వ్యతిరేక దిశలో మరొక పరిస్థితి ఉంది. అమరికల ప్రాధాన్యాన్ని నమ్మేవారిలో కొందరు శాంప్లింగ్ రేటును 192 కిలోహెర్ట్జ్‌కు పెట్టాలని, 24 బిట్లు ఎంచుకోవాలని, ఆపరేటింగ్ సిస్టమ్ జోక్యం లేని ప్రత్యేక పద్ధతిలో వినాలని, అప్పుడే గాయకుని ప్రాణం వినిపిస్తుందని అంటారు. ఒకవైపు అజాగ్రత్త, మరొకవైపు అతివిశ్వాసం. ఈ రెండింటి మధ్య నిజం ఎక్కడుందో తేల్చుకోవలసిన అవసరం సాంకేతిక నిపుణులకంటే శ్రవ్య ఆధారంపై తీర్పు చెప్పే పరిశోధకులకే ఎక్కువ.

2. శబ్దనాణ్యత - రెండు అర్థాలు:

“నాణ్యత” అనే మాటను మనం రెండు అర్థాల్లో వాడుతున్నాం. రికార్డులో ఉన్నది ఉన్నట్టుగా వినిపించడం ఒకటి. దీనిని యథార్థత అనవచ్చు. విన్నప్పుడు చెవికి ఇంపుగా ఉండడం రెండవది. దీనిని రంజకత్వం అనవచ్చు. వివాదంలో సగం ఈ రెండింటినీ కలిపివేయడం వల్ల వచ్చిందే. మంద్రధ్వనిని పెంచే అమరిక చాలామందికి ఇంపుగా ఉంటుంది. కానీ అది యథార్థతను తగ్గిస్తుంది. వినోదం కోసం వినేవారికి అందులో తప్పు లేదు. ఆ గొంతు “గంభీరమైనది” అని రాయబోయే విమర్శకునికి మాత్రం తప్పే.

భర్తృహరి వాక్యపదీయంలో ప్రాకృతధ్వని, వైకృతధ్వని అనే విభాగం చేశాడు. శబ్దస్వరూపాన్ని గుర్తించడానికి కారణమయ్యేది మొదటిది. ద్రుత, మధ్యమ, విలంబిత వృత్తుల భేదానికి కారణమయ్యేది రెండవది. యంత్రశ్రవణాన్ని ఉద్దేశించి ఆయన ఈ మాట అనలేదు. అయినా పోలికగా ఈ విభాగం మనకు ఉపకరిస్తుంది. ఒక అమరిక వల్ల ఏ వర్ణమో గుర్తించడమే కష్టమైతే దాని ప్రభావం ప్రాకృత స్థాయిలో ఉన్నట్టు. వర్ణం తెలుస్తూనే వేగం, ఊనిక, నిలుపు మారితే అది వైకృత స్థాయికి చెందుతుంది. భాషాశాస్త్ర పరిశోధకుడు మొదటిదానిని, ప్రదర్శన విమర్శకుడు రెండవదానిని ముఖ్యంగా కనిపెట్టి ఉండాలి.

3. ఫైలు నుంచి చెవి వరకు:

కంప్యూటర్‌లోని ఒక ఫైలు చెవిని చేరేలోగా అనేక దశలు దాటుతుంది. ప్లేయర్ దానిని అంకెల వరుసగా విప్పుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌లోని మిక్సర్ ఆ అంకెలను ఇతర శబ్దాలతో కలుపుతుంది. పరికరానికి నిర్ణయించిన శాంప్లింగ్ రేటు ఫైలు రేటుకు భిన్నంగా ఉంటే మార్పిడి జరుగుతుంది. “ఎన్‌హాన్స్‌మెంట్స్” పేరుతో ఉన్న వడపోతలు పనిచేస్తాయి. అంకెలు విద్యుత్ సంకేతంగా మారి స్పీకర్‌నో హెడ్‌ఫోన్‌నో చేరుతాయి. చివరికి గదిలోని గోడలు కూడా తమ వంతు ప్రతిధ్వనిని కలుపుతాయి.

ఈ వరుసలో అమరికలు అనేకచోట్ల ఉన్నాయి. “అమరికలు ప్రభావం చూపుతాయా” అని మొత్తంగా అడిగితే సమాధానం రాదు. ఒక్కొక్క దశను విడదీసి అడగాలి.

4. చెవికి అందని మార్పులు:

4.1 బిట్ డెప్త్:

1982లో మార్కెట్లోకి వచ్చిన సీడీ సెకనుకు 44,100 నమూనాలను, ఒక్కొక్క నమూనాకు 16 బిట్లను ప్రమాణంగా తీసుకుంది. 16 బిట్లతో సుమారు 96 డెసిబెళ్ళ పరిధి లభిస్తుంది. అతి మెల్లని ధ్వనికి, అతి పెద్ద ధ్వనికి మధ్య గల దూరం ఇది. 24 బిట్లతో ఈ పరిధి సుమారు 144 డెసిబెళ్ళు. మనం అధ్యయనం చేసే 78 వేగపు గ్రామఫోన్ రికార్డులో సూది రాపిడి వల్ల వచ్చే నేపథ్యరొదను లెక్కిస్తే, దాని వాస్తవ పరిధి 16 బిట్ల పరిధిలో సగానికి మించదు. అటువంటి రికార్డు నుంచి తయారైన 16 బిట్ల ఫైలును 24 బిట్ల అమరికలో వింటే జరిగేది ఒక్కటే. ప్రతి అంకె చివర సున్నాలు చేరతాయి. సోలెడు పాలను కడవలో పోసినంత మాత్రాన కడవెడు కావు.

4.2 శాంప్లింగ్ రేటు:

నైక్విస్ట్, షానన్‌ల సిద్ధాంతం ప్రకారం ఒక శాంప్లింగ్ రేటు దానిలో సగం కంటే తక్కువ పౌనఃపున్యాలను పూర్తిగా ప్రతినిధానం చేయగలదు. 44,100లో సగం 22,050 హెర్ట్జ్. మనిషి చెవికి సామాన్యంగా చెప్పే గరిష్ఠ పరిమితి 20,000 హెర్ట్జ్. వయసుతో ఇది ఇంకా తగ్గుతుంది. ఫైలులో లేని పౌనఃపున్యాలను 192 కిలోహెర్ట్జ్ అమరిక సృష్టించలేదు.

ఈ విషయంలో ప్రయోగాలు కూడా జరిగాయి. మేయర్, మోరాన్ అనే పరిశోధకులు 2007లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో ప్రచురించిన ప్రయోగంలో, అధికస్థాయి రికార్డును నేరుగా వినిపించడం, సీడీ ప్రమాణానికి కుదించి వినిపించడం అనే రెండింటి మధ్య తేడాను శ్రోతలు కనిపెట్టగలరా అని పరీక్షించారు. 554 యత్నాల్లో 276 సరైనవి. అంటే 49.8 శాతం. బొమ్మాబొరుసు వేసినా ఇంతే వస్తుంది. అదే పత్రికలో 2016లో జాషువా రీస్ 18 ప్రయోగాలను, 12,500కు పైగా యత్నాలను కలిపి విశ్లేషించాడు. మొత్తం మీద సరైన సమాధానాలు 52.3 శాతం. ఇది స్వల్పమే అయినా గణాంకశాస్త్రపరంగా కేవలం యాదృచ్ఛికం కాదని, ముందుగా బాగా శిక్షణ పొందినవారిలో ఈ శాతం చెప్పుకోదగినంత పెరిగిందని ఆయన చూపాడు. కాబట్టి “ఎవరికీ, ఎన్నడూ తేడా తెలియదు” అనడం కూడా అతిశయోక్తే. అధికస్థాయిలో రికార్డు చేసిన సంగీతాన్ని, శిక్షణ పొందిన చెవితో, మంచి పరికరాలపై విన్నప్పటి స్వల్పభేదం అది. పాత పద్యం ఫైలును లాప్‌టాప్‌లో వినే పరిశోధకునికి అది వర్తించదు.

4.3 ప్రత్యేక పద్ధతి:

ఆపరేటింగ్ సిస్టమ్ మిక్సర్‌ను తప్పించి ఫైలును నేరుగా పరికరానికి పంపాలన్న సలహాకు చారిత్రక కారణం ఉంది. 1997లో వచ్చిన ఏసీ’97 ప్రమాణాన్ని అనుసరించిన అనేక సౌండ్ కార్డులు అన్నింటినీ 48,000 హెర్ట్జ్‌కు మార్చేవి. వాటిలో కొన్నింటి మార్పిడి నాసిరకంగా ఉండి, వినిపించేంత వికారాన్ని కలిగించేది. విండోస్ విస్టా నుంచి మిక్సర్ 32 బిట్ల దశాంశ గణనతో పనిచేస్తున్నది. 16 బిట్ల అంకె ఏదీ ఆ గణనలో నష్టపోదు. నేటి శాంప్లింగ్ మార్పిడిలో మిగిలే దోషం కూడా సామాన్యంగా వినికిడి స్థాయికి చాలా కింద ఉంటుంది. కారణం పోయినా ఆచారం నిలిచిందనడానికి ఇది మంచి ఉదాహరణ.

అయితే ప్రత్యేక పద్ధతి వల్ల ఒక ప్రయోజనం ఉంది. ఇతర శబ్దాలు, చాలా సందర్భాల్లో సిస్టమ్ వడపోతలు దారిలోకి రావు. తేడా వినిపించిందని చెప్పేవారిలో కొందరు నిజంగానే విని ఉండవచ్చు. వారు విన్నది మిక్సర్ లేకపోవడం కాదు, తమకు తెలియకుండా పనిచేస్తున్న వడపోత ఆగిపోవడం.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. పైన చెప్పినదంతా వినడానికి సంబంధించినది, రికార్డు చేయడానికి సంబంధించినది కాదు. పాత రికార్డులను డిజిటల్ రూపంలోకి మార్చేటప్పుడు కనీసం 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లు ఉండాలని అంతర్జాతీయ శ్రవ్య, దృశ్య భాండాగారాల సంఘం మార్గదర్శకాలు చెబుతున్నాయి. తర్వాతి కాలంలో రొద తొలగించడానికి, స్థాయి సరిచేయడానికి ఆ అదనపు అవకాశం కావాలి. భద్రపరచడానికి ఉద్దేశించిన ప్రమాణాన్ని వినడానికి ఆపాదించడమే పొరపాటు.

5. చెవికి అందే మార్పులు:

పాణినీయ శిక్ష అధమపాఠకులను ఆరు రకాలుగా చెప్పింది. అందులో రాగం తీస్తూ చదివేవాడు, తొందరగా చదివేవాడు, సన్నని గొంతువాడు ఉన్నారు. ఈ మూడు దోషాలనూ ఉత్తమపాఠకునికి అంటగట్టగల అమరికలు నేటి కంప్యూటర్‌లో ఉన్నాయి. ఎటువంటి ప్రతిధ్వని లేని పఠనానికి గుహ, సభామందిరం వంటి కృత్రిమ పరిసరాలను చేర్చే అమరికలు కొన్ని సౌండ్ కార్డు డ్రైవర్లలో ఉంటాయి. వాటితో వింటే అక్షరం చివర లేని సాగదీత చేరుతుంది. మిగిలిన రెండు దోషాలను, వాటికంటే సూక్ష్మమైన మరొకదానిని కింద పరిశీలిద్దాం.

5.1 బ్లూటూత్ సంభాషణ పద్ధతి - వర్ణభేదం:

బ్లూటూత్ హెడ్‌ఫోన్లు సంగీతానికి ఒక పద్ధతిలో, ఫోన్ సంభాషణకు మరొక పద్ధతిలో పనిచేస్తాయి. మైకు అవసరమైన వెంటనే రెండవ పద్ధతిలోకి మారతాయి. అందులో ధ్వని ఒకే ఛానెల్‌కు కుదించుకుపోతుంది. శాంప్లింగ్ రేటు 8,000 హెర్ట్జ్‌కో, కొంత మెరుగైన పరికరాల్లో 16,000 హెర్ట్జ్‌కో పడిపోతుంది. 8,000 నమూనాల్లో 4,000 హెర్ట్జ్‌కు పైనున్నదేదీ మిగలదు. ఎల్.ఇ. ఆడియో అనే కొత్త ప్రమాణం ఈ ఇబ్బందిని తగ్గిస్తున్నప్పటికీ, ఇప్పటికే మన చేతుల్లో ఉన్న పరికరాల్లో అధికభాగం పాత పద్ధతివే.

తెలుగు వర్ణాల విషయంలో దీని పర్యవసానం తీవ్రమైనది. సకారపు ఊష్మధ్వనిలోని శక్తి ప్రధానంగా 4,000 హెర్ట్జ్‌కు పైన ఉంటుంది. శకారపు శక్తి అంతకంటే కిందినుంచే మొదలవుతుంది. దంత్య ౘ కారంలోని ఊష్మాంశం సకారానికి, తాలవ్య చకారంలోనిది శకారానికి దగ్గర. పైభాగాన్ని కోసివేస్తే స-శ, ౘ-చ జంటలను వేరుచేసే గుర్తుల్లో ముఖ్యమైనవి పోతాయి. అచ్చులు మాత్రం బాగానే వినిపిస్తాయి. మాట అర్థమవుతుంది. అర్థమవుతున్నందువల్లనే శ్రోతకు అనుమానం రాదు. పరిచితమైన మాటను మనసు పూరించుకుంటుంది. పరిచయం లేని మాండలిక పదం దగ్గర ఆ పూరణ తప్పుతోవ పడుతుంది. ప్రవేశికలో చెప్పిన నా పొరపాటు ఇటువంటిదే. ఇది ప్రాకృత స్థాయిలోని దోషం.

5.2 స్థాయిని సమం చేసే అమరికలు - ఊనిక, నిలుపు:

విండోస్‌లో “లౌడ్‌నెస్ ఈక్వలైజేషన్” అనే అమరిక ఉంది. 2023లో యూట్యూబ్ “స్టేబుల్ వాల్యూమ్” అనే అమరికను తెచ్చింది. ఇది చాలా వీడియోలకు దానంతటదే పనిచేస్తూ ఉంటుంది. రెండింటి లక్ష్యమూ ఒకటే. మెల్లని ధ్వనిని పెంచి, పెద్ద ధ్వనిని తగ్గించి, వినేవారు మాటిమాటికీ వాల్యూమ్ మార్చుకోవలసిన అవసరం లేకుండా చేయడం. వార్తలకు, పాఠాలకు ఇది ఉపకారమే.

పద్యనాటక విమర్శకు మాత్రం ఇది అపకారం. రంగస్థల పద్యం చివర నటుడు రాగాన్ని సాగదీసినప్పుడు ఊపిరి తగ్గేకొద్దీ ధ్వని క్రమంగా సన్నగిల్లుతుంది. ఆ సన్నగిల్లడంలోనే అతని ఊపిరి అదుపు, రసస్ఫూర్తి తెలుస్తాయి. స్థాయిని సమం చేసే అమరిక ఆ తగ్గుదలను పూడ్చుతుంది. హార్మోనియం ధ్వనిని, ప్రేక్షకుల కదలికను కూడా పైకి లాగుతుంది. “ఈ నటుడు రాగం చివరివరకు నాదం తరగకుండా నిలిపాడు” అని విమర్శకుడు ప్రశంసిస్తే, ఆ ప్రశంస నటునికి చెందుతుందా, యంత్రానికి చెందుతుందా? అలాగే ఒక పదంపై గొంతు పెంచి, మరొక పదాన్ని తగ్గించి పలికే కాకువు కూడా ఈ అమరికతో చదునవుతుంది. భావానుగుణమైన ఎత్తుపల్లాలు లేవని నిందించినా అదే ప్రశ్న. ఈ అమరిక వర్ణాన్ని ముట్టుకోదు. పఠనంలోని ప్రాణాన్ని ముట్టుకుంటుంది.

దీనికి చేరువలోనే మరొకటి ఉంది. కంప్యూటర్‌లో సంభాషణ మొదలైనట్టు గుర్తించినప్పుడు ఇతర ధ్వనులను 80 శాతం తగ్గించే ఏర్పాటు విండోస్‌లో మొదటినుంచే అమలులో ఉంటుంది. రికార్డు మధ్యలో గొంతు హఠాత్తుగా తగ్గినట్టనిపిస్తే ముందుగా దీనిని పరిశీలించాలి.

5.3 వేగం, శ్రుతి:

44,100 రేటుతో చేసిన ఫైలును మార్పిడి లేకుండా 48,000 రేటుతో నడిపితే అది 8.8 శాతం వేగంగా సాగుతుంది. మూడు నిమిషాల రికార్డు 2 నిమిషాల 45 సెకన్లలో ముగుస్తుంది. శ్రుతి సుమారు ఒకటిన్నర అర్ధస్వరం పెరుగుతుంది. నేటి ప్లేయర్లు మార్పిడిని సరిగానే చేస్తాయి కాబట్టి ఇది అరుదు. కానీ శీర్షికలో తప్పుడు రేటు నమోదైన ఫైళ్ళు, ఒకచోటినుంచి మరొకచోటికి మార్చిన ఫైళ్ళు ఈ దోషాన్ని మోసుకొని రావచ్చు. 78 వేగపు రికార్డులు అన్నీ కచ్చితంగా ఆ వేగంతోనే చేసినవి కావు కాబట్టి అక్కడ ఈ ప్రమాదం రెట్టింపు. ఒక నటుడు ఏ శ్రుతిలో పాడేవాడన్న చర్చకు ముందు ఈ రెండు విషయాలూ తేల్చుకోవాలి.

వేగాన్ని మనమే మార్చుకొని వినే అలవాటు ఇంకొకటి. దీర్ఘమైన అవధాన సభలను ఒకటిన్నర రెట్ల వేగంతో వింటున్నాం. ఇందులో శ్రుతి మారదు, వేగం మాత్రమే మారుతుంది కాబట్టి కొంతసేపటికి అది సహజంగానే అనిపిస్తుంది. ఆ విధంగా విని అవధాని ధారాశుద్ధిని, ఆశువేగాన్ని ప్రశంసించడం ఎంతవరకు సమంజసమో ఆలోచించాలి. యతిస్థానంలో విరామం ఎంత, పాదాంతంలో నిలుపు ఎంత అన్న పరిశీలనలు అసలు వేగంలోనే జరగాలి.

5.4 ఈక్వలైజర్, స్పీకర్:

ఈక్వలైజర్‌లో ఏ భాగాన్ని పెంచినా మొత్తం స్థాయి గరిష్ఠ పరిమితిని దాటే అవకాశం ఉంది. దాటినచోట తరంగం శిఖరాలు తెగి కరకరమనే వికారం పుడుతుంది. దానిని పాత రికార్డు దోషంగా భావించడం పరిపాటి. ఇక లాప్‌టాప్ స్పీకర్లు పురుషకంఠపు మూలస్వరం ఉండే 100-150 హెర్ట్జ్ ప్రాంతాన్ని బలంగా పలికించలేవు. పై అనుస్వరాల ఆధారంగా మెదడు ఆ స్వరాన్ని ఊహించుకుంటుంది కనుక శ్రుతి తెలుస్తుంది. గొంతులోని నిండుదనం మాత్రం తెలియదు. బిట్ల గురించి వాదించేవారు లాప్‌టాప్ స్పీకర్లతో వింటున్నట్లయితే, ఆ స్పీకర్లు తెచ్చే తేడా ముందు బిట్లు తెచ్చే తేడా లెక్కలోకి రాదు.

6. చెవి సాక్ష్యానికి హద్దులు:

“నేను స్వయంగా విన్నాను” అన్నది బలమైన సాక్ష్యంగా కనిపిస్తుంది. కానీ వినికిడిపై రెండు విషయాలు మనకు తెలియకుండా ప్రభావం చూపుతాయి. మొదటిది స్థాయి. ఫ్లెచర్, మన్సన్‌లు 1933లో చూపినట్టు, ధ్వని స్థాయి పెరిగినకొద్దీ మంద్రస్వరాలు చెవికి మరింత నిండుగా అందుతాయి. ఒక అమరిక ధ్వనిని ఒక్క డెసిబెల్ పెంచినా శ్రోత దానిని “పెద్దది”గా గాక “మెరుగైనది”గా గుర్తించే అవకాశం ఉంది. రెండవది అపేక్ష. మార్చానని తెలిసిన తర్వాత మార్పు వినిపిస్తుంది.

ఈ రెండింటినీ తొలగించడానికి అంధపరీక్ష మార్గం. ఏబీఎక్స్ పద్ధతిలో శ్రోత మొదటి నమూనా, రెండవ నమూనా విని, మూడవది ఆ రెండింటిలో ఏదో చెప్పాలి. స్థాయిలు ముందుగా సమానం చేయాలి. 16 యత్నాల్లో 12 లేదా అంతకంటే ఎక్కువ సరైనవి కావడానికి కేవలం ఊహతో గల అవకాశం 3.8 శాతం. 10 యత్నాల్లో 8 అయితే 5.5 శాతం, 9 అయితే 1.1 శాతం. ఫూబార్2000 వంటి ఉచిత ప్లేయర్లలో ఇందుకు ఉపకరణం లభిస్తుంది. దీనికి ప్రయోగశాల అక్కరలేదు, ఒక సాయంత్రం చాలు.

చెవిని ఆశ్రయించని మార్గం కూడా ఉంది. ఒక అమరిక ఉన్నప్పుడు, లేనప్పుడు కంప్యూటర్ బయటికి పంపే ధ్వనిని ఆడాసిటీ వంటి సాఫ్ట్‌వేర్‌తో నమోదు చేయవచ్చు. రెండింటినీ కచ్చితంగా వరుసలో పెట్టి, ఒకదానిని తలకిందులు చేసి కలపాలి. నిశ్శబ్దం మిగిలితే ఆ అమరిక ఏమీ మార్చనట్టే. ఏదైనా మిగిలితే అదే ఆ అమరిక చేసిన పని. దానిని విడిగా వినవచ్చు. పాఠపరిష్కరణలో రెండు ప్రతులను పక్కపక్కన పెట్టి భేదాలు ఎత్తి రాసే పనికి ఇది శ్రవ్యరూపం.

7. ఒక ఆక్షేపణ, సమాధానం:

కావ్యానుభవం సహృదయునిది, డెసిబెళ్ళ లెక్క అతనికెందుకు అన్న ఆక్షేపణ రావచ్చు. గీతలు పడిన రికార్డును పాత రేడియోలో విని కంటతడి పెట్టినవారు ఎందరో ఉన్నారు. వారి అనుభవం అసత్యమని ఈ వ్యాసం అనడం లేదు. రసానుభవానికి యథార్థత నిబంధన కాదు. కానీ విమర్శకుడు అనుభవం వద్ద ఆగడు. ఈ నటుడు ఇలా పలికాడని, ఈ ప్రాంతంలో ఈ వర్ణం ఇలా మారిందని, ఈ అవధాని ఇంత వేగంగా పద్యం చెప్పాడని ప్రకటిస్తాడు. ఆ ప్రకటన మరొక వ్యక్తిని గురించినది. చాలాసార్లు సమాధానం చెప్పుకోవడానికి జీవించి లేని వ్యక్తిని గురించినది. అక్కడ శ్రోత అనుభవం చాలదు, ఆధారశుద్ధి కావాలి. లేఖకుని పొరపాటును కవికి అంటగట్టకూడదని మనం విద్యార్థులకు మొదటి పాఠంగా చెబుతాం. యంత్రం పొరపాటును గాయకునికి అంటగట్టకపోవడం ఆ పాఠానికి కొనసాగింపే.

1913-1929 మధ్య భారతీయ భాషల సర్వేలో భాగంగా తయారైన గ్రామఫోన్ రికార్డులు నేడు చికాగో విశ్వవిద్యాలయపు డిజిటల్ సౌత్ ఏషియా లైబ్రరీ ద్వారా అందుబాటులో ఉన్నాయి. వంద సంవత్సరాల నాటి గొంతులు ఇప్పుడు ఏ కళాశాలలోనైనా వినవచ్చు. ఆనాటి రికార్డింగ్ పరిమితులను మనం మార్చలేం. వాటికి మన కంప్యూటర్ పరిమితులను కూడా చేర్చకుండా ఉండడం మాత్రం మన చేతిలో ఉంది.

8. ముగింపు:

• కంప్యూటర్ అమరికలు శబ్దనాణ్యతపై ప్రభావం చూపుతాయా అన్న ప్రశ్నకు ఒకే సమాధానం లేదు. నాణ్యత అంటే యథార్థతా, రంజకత్వమా అన్నది ముందు తేల్చుకోవాలి.

• ఫైలులో ఉన్నదానికి మించిన బిట్ డెప్త్, శాంప్లింగ్ రేటు ఎంచుకోవడం, మిక్సర్‌ను తప్పించడం వంటివి నేటి కంప్యూటర్లలో పరిశోధకునికి వినిపించే ప్రయోజనం కలిగించవు. శిక్షణ పొందినవారు గుర్తించగల స్వల్పభేదం తెలుగు శ్రవ్య ఆధారాల అధ్యయనంలో నిర్ణయాత్మకం కాదు.

• బ్లూటూత్ సంభాషణ పద్ధతి స-శ, ౘ-చ వంటి భేదాలను బలహీనపరుస్తుంది. మాండలిక లిప్యంతరీకరణకు తీగ ఉన్న ఇయర్‌ఫోన్లు వాడడం, మైకును వాడే యాప్‌లను మూసివేయడం అవసరం.

• స్థాయిని సమం చేసే అమరికలు ఊనికను, కాకువును, నాదపు నిలుపును మారుస్తాయి. పద్యపఠన విమర్శకు ముందు వాటిని ఆపివేయాలి.

• శ్రుతి, వేగాలపై తీర్పు చెప్పే ముందు ఫైలు రేటును, వినే వేగాన్ని సరిచూసుకోవాలి.

• శ్రవ్య ఆధారంతో రాసే వ్యాసాల్లో, సిద్ధాంతగ్రంథాల్లో ఫైలు రకం, శాంప్లింగ్ రేటు, వినడానికి వాడిన పరికరం, అమల్లో ఉన్న వడపోతలు అన్న నాలుగు వివరాలను తెలపాలి. ఒక్క వాక్యంలో ముగిసే పని ఇది. ఆ వాక్యం ఉంటే తర్వాతి పరిశోధకుడు మనం విన్నదాన్ని మళ్ళీ విని, మన తీర్పును అంగీకరించడానికో సవరించడానికో వీలవుతుంది.